పాత చర్చి గోడకు తడి ఎక్కితే ఏం చేయాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వందేళ్లు దాటిన విచారణ (పారిష్) దేవాలయాలు, మిషన్ చర్చిలు చాలావరకు డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. వాటికి తుఫాను చేసినంత చెరుపు సిమెంటూ చేసింది. గోడ అడుగున మూడడుగుల మేర పెచ్చులూడుతోందని కమిటీలో ఎవరో అంటారు. పండగ దగ్గర పడింది కదా అని సిమెంటు పూత వేయించేస్తారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి తడి ఆ పూతను దాటుకుని నాలుగున్నర అడుగుల దగ్గర తేలుతుంది.

అలా ఎందుకవుతుందంటే, పాత గోడకు కింద తడిని అడ్డుకునే పొర లేదు. అది నేలలోని తేమను పీల్చి, సున్నం పూతలోంచి గాలికి వదిలేస్తూ బతుకుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు పైకి పాకుతుంది, దానితోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ఉప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి ముందు నీటి సంగతి చూడాలి, గోడ సంగతి తర్వాత. మరక ఆకారమే సగం చెబుతుంది. నేల నుంచి ఒకే ఎత్తులో పట్టీలా ఉండి, పై అంచున తెల్లటి ఉప్పు తేలితే అది నేల తేమ. పైనుంచి మచ్చలుగా దిగి, వాన వెలిశాక తగ్గితే పైకప్పు కారుతోంది. మే చివర ఒకసారి, అక్టోబరు వానల తర్వాత ఒకసారి మరక అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. మండు వేసవిలోనూ గీత దిగకపోతే చుట్టుపక్కల వెతకండి. కాళ్లు కడుక్కునే కుళాయి, గోడ పక్కన సెప్టిక్ ట్యాంకు, మరియమాత గుహ దగ్గర రోజూ నీళ్లు పోసే పూలమొక్కలు, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. భక్తితో పోసినా నీళ్లు నీళ్లే.

తర్వాత నేల మట్టం. ఏళ్ల తరబడి మట్టి పోసి, టైల్స్ వేసి, ఆవరణను చర్చి లోపలి గచ్చు ఎత్తుకు తెచ్చేసి ఉంటారు. గోడ వెంట నేలను లోపలి గచ్చుకు కనీసం 15 సెంటీమీటర్లు కిందికి తవ్వించండి. పునాది రాయి కదిలేంత లోతుకు మాత్రం వద్దు. గోడకు ఆనుకుని 45 సెంటీమీటర్ల వెడల్పున కాంక్రీటు తీసేసి కంకర పరవండి. దాని అవతల నేల గోడకు దూరంగా వాలాలి, మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు చాలు.

ఇప్పుడు సిమెంటు తీయడం. ఉలి, చిన్న సుత్తి తప్ప మరేదీ వద్దు. డ్రిల్లు అదురుకు ఇటుకల మధ్య పాత కీళ్లు (అతుకులు) వదులవుతాయి. ముందు ఎవరికీ కనబడని మూల ఒక చదరపు అడుగు తీసి చూడండి. సిమెంటుతోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంటే అక్కడ ఆగి, వదులైన చోట మాత్రమే తీయించండి. పెచ్చు తీశాక ఆరనివ్వాలి. గోడ నెలకు అంగుళం లోతు ఆరుతుందని ఉజ్జాయింపు లెక్క. రెండడుగుల మందం గోడ రెండు వైపులా ఆరినా ఏడాది పడుతుంది. పండగ ముహూర్తానికి ఈ పని తెమలదని ముందే ఒప్పుకోండి. ఆరుతున్నప్పుడు తేలే ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, కింద పరిచిన గోనెతో ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

సున్నం దగ్గర తొందర పనికిరాదు. కాల్చిన సున్నపు రాళ్లు తాజావి కావాలి. గాలికి పొడి అయిపోయినది సుద్దతో సమానం. ఒక రాయి నీళ్లలో వేస్తే కొన్ని నిమిషాల్లో బుసబుసలాడాలి. డ్రమ్ములో ముందు మూడు వంతుల నీళ్లు పోసి, అందులోకి ఒక వంతు రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే చిమ్మి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకండి. కంట్లో పడితే ఎడతెగకుండా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సన్న జల్లెడలో వడకట్టిన ముద్దను, పైన నీటి పొర ఆరకుండా మూడు వారాలు నానబెట్టాలి, మూడు నెలలైతే మరీ మంచిది. నానని పలుకులు మిగిలితే నెలల తర్వాత గోడ మీదే పగిలి, సెనగగింజంత గుంటలు పడతాయి.

ఇసుక నాగావళిదో వంశధారదో చంపావతిదో కావాలి, సముద్రపు ఒడ్డుది వద్దు. సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి కుదిపి పెట్టండి. పైన తేరిన ఒండ్రు ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే కడిగి వాడాలి.

మొదటి పూతకు తట్ట సున్నపు ముద్ద, తట్ట ఇటుక పొడి, రెండు తట్టల ఇసుక. ఇటుక పొడి వేస్తే తడి గోడ మీద కూడా పూత గట్టిపడుతుంది. అది తక్కువ కాలిన మెత్తటి ఇటుకదై ఉండాలి. బాగా కాలి నల్లబడిన ఇటుక పొడి ఇసుకలా పడి ఉంటుందే తప్ప సున్నంతో కలవదు. చివరి పూతకు ఒక వంతు సున్నపు ముద్దకు రెండున్నర వంతుల సన్న ఇసుక. కరక్కాయ, బెల్లం కలపాలా అని అందరూ అడుగుతారు. కొలత తెలిసిన పాత మేస్త్రి దొరికితే కలపనివ్వండి, లేకపోతే అవి లేకుండానే పని కానివ్వండి. "గట్టిపడటానికి కొంచెం సిమెంటు" అన్న మాటకు మాత్రం లొంగొద్దు.

ఇటుకల మధ్య కీళ్లను రెండు సెంటీమీటర్ల లోతు గోకి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి గోడ తడపండి. పూత ఒక్కోసారి 10 నుంచి 12 మిల్లీమీటర్లకు మించకూడదు. తాపీతో అడ్డదిడ్డంగా గీతలు గీసి వారం ఆగి, ఆపై రెండోది వేయాలి. తడి గోనెలు వేలాడదీసి పది రోజులు ఎండ, గాలి తగలకుండా చూడాలి. వెంట్రుకంత సన్నటి పగుళ్లు వస్తే త్వరగా ఆరిందనో, సున్నం ఎక్కువైందనో అర్థం. పచ్చిగా ఉండగానే చెక్కపలకతో నొక్కితే మూసుకుంటాయి. వేలితో రుద్దితే పొడి రాలితే మాత్రం ఆ పూత తీసేయాల్సిందే. కింద నేలకు ఐదు సెంటీమీటర్లు వదిలి పూత ఆపండి. వెల్ల కూడా సున్నమే వేయాలి. పల్చగా, రోజుకొకటి చొప్పున నాలుగైదు పొరలు. ఎమల్షన్ రంగు వేస్తే పడ్డ కష్టమంతా వృథా.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సున్నం పనికి సరైన కాలం. పైకప్పు పని సెప్టెంబరులోపే ముగించాలి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గాలికి ముందు లేచేది చూరు పెంకులు, కొప్పు పెంకులు, గోడ అంచు వరసలు. బెంగుళూరు పెంకు వెనక తీగకు రంధ్రం ఉంటుంది. ఆ వరసలన్నీ రాగి తీగతో రీపర్లకు (పెంకుల కింది చెక్క పట్టీలకు) కట్టించండి. గంట గోపురం మీద రావి మొక్క మొలిస్తే లాగకండి, వేరుతోపాటు రాయి వస్తుంది. మొదట్లో కోసి, మోడుకు కలుపు మందు పూసి, ఎండిపోయాక తీయించండి.

కాగితాల పని కూడా ముందే చూసుకోవాలి. బిషప్ కార్యాలయం లేదా సంఘం ఆస్తుల ట్రస్టు రాతపూర్వక అనుమతి, ప్రతి గోడకూ తేదీతో ఫోటో ఉండాలి. ముఖలింగం, శాలిహుండం లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్ల దాకా ఆంక్షలున్నాయి. ఆ పరిధిలో ఉంటే మరమ్మతుకు కూడా అనుమతి తీసుకోండి. శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ పరిధి) 1993లో విశాఖపట్నం నుంచి వేరైంది కనుక, అంతకు ముందటి పత్రాల కోసం విశాఖలో అడగాలి. ఇంగ్లీషు దస్తావేజుల్లో వెతికేటప్పుడు శ్రీకాకుళం అని కాక చికాకోల్ అని చూడండి.