యాడ్ బ్లాకర్‌కు సోషల్ మీడియా ఎదురు తిరిగినప్పుడు

నిన్నటిదాకా బాగా పనిచేసిన యాడ్ బ్లాకర్ ఉన్నట్టుండి చేతులెత్తేస్తే, చాలామంది పాతదాన్ని తీసేయకుండానే దానికి తోడుగా మరొకటి పెట్టుకుంటారు. అంతకన్నా ముందు, ఆ సోషల్ మీడియా వేదిక ఏ పద్ధతిలో ఎదురు తిరుగుతోందో తేల్చుకోవాలి. బ్లాకర్‌ను పసిగట్టి తలుపు మూసేయడం ఒక పద్ధతి, ప్రకటనకు మామూలు పోస్టు వేషం వేయడం మరొకటి. ఈ రెండింటికీ విరుగుడు ఒకటి కాదు.

మొదటి పద్ధతిని యూట్యూబ్ 2023లో గట్టిగా అమలు చేసింది. బ్లాకర్లు తన షరతులకు విరుద్ధమని హెచ్చరిస్తూ, వినని కొందరికి మూడు వీడియోల తర్వాత ప్లేయర్‌ను ఆపేసింది. ఇలాంటి హెచ్చరిక కనిపిస్తే బ్లాకర్ ఒక్కటే ఉంచి, బ్రౌజర్‌లోనే ఉండే బ్లాకర్‌తో సహా మిగిలినవన్నీ ఆపండి. ప్రకటన కోసం పేజీ సర్వర్‌కు పంపే అభ్యర్థనను ఒక బ్లాకర్ గుట్టుగా దాటించబోతుంటే రెండోది మొరటుగా తుంచేస్తే, పేజీలోని స్క్రిప్టుకు (పేజీని నడిపే కోడ్‌కు) సంగతి తెలిసిపోతుంది. తర్వాత, వేటిని ఆపాలో బ్లాకర్‌కు చెప్పే ఫిల్టర్ జాబితాలను తాజా పరచాలి. యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్‌లో అయితే డాష్‌బోర్డు (సెట్టింగుల పేజీ) తెరిచి, ఫిల్టర్ జాబితాల పేజీలో ముందు కాషేను (దాచి ఉంచిన పాత నకళ్లను) ఖాళీ చేసి, ఆపై అప్‌డేట్ నొక్కి, వీడియో పేజీని మళ్లీ తెరవండి.

క్రోమ్ వాడేవారికి మరో చిక్కుంది. ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే అదనపు సాధనాలు) ఏమేం చేయవచ్చో నిర్ణయించే మానిఫెస్ట్ వి3 నిబంధనల వల్ల యూబ్లాక్ ఆరిజిన్ అందులో ఆగిపోయింది. మిగిలిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలిక రూపానికి ప్రకటనలపై అంత పట్టు లేదు. పాత సామర్థ్యం పూర్తిగా కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కు మారడమే మేలని నా అభిప్రాయం.

రెండో పద్ధతి ఇంకా మొండిది. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్, డెస్క్‌టాప్‌పై బ్లాకర్లున్నా ప్రకటనలు చూపుతామని ప్రకటించింది. రెండు రోజులకే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ వెనకున్న వర్గం దాన్ని దాటే ఫిల్టర్ తెచ్చింది, ఫేస్‌బుక్ మళ్లీ కోడ్ మార్చింది. అక్కడ ప్రకటన వేరే సర్వర్ నుంచి రాదు, మీ స్నేహితుల పోస్టులు వచ్చే దారినే వస్తుంది కాబట్టి చిరునామా చూసి ఆపడం కుదరదు. పోనీ ‘స్పాన్సర్డ్’ అన్న మాటను బట్టి దాచుదామంటే, ఆ మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి, నడుమ కంటికి కనిపించని అదనపు అక్షరాలు చొప్పించిన సందర్భాలున్నాయి: చదివేవారికి అది ఒకే మాట, ఫిల్టర్‌కు మాత్రం అర్థంలేని అక్షరాల గుంపు. అందుకే ఇక్కడ సొంతంగా ఫిల్టర్ నియమం రాసుకునే ఉబలాటం పనికిరాదు. ఆ నియమం ఆధారపడే క్లాసు పేర్లు (పేజీ భాగాలకు కోడ్‌లో పెట్టే గుర్తులు) తరచూ మారిపోతాయి. మీ నియమం ప్రకటనను వదిలేసి మంచి పోస్టులనే మాయం చేయవచ్చు. జాబితాలను నడిపేవారి సవరణ కోసం ఆగడమే నయం.

ఫోన్‌లోని యాప్‌లలో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ప్రకటన, మామూలు పోస్టు రెండూ ఒకే డొమైన్ నుంచి వస్తే, డీఎన్ఎస్ స్థాయి వడపోత (డొమైన్ పేరును బట్టి ఆపే పద్ధతి) కూడా వాటిని విడదీయలేదు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లను అనుమతిస్తుంది కనుక, యాప్‌కు బదులు అందులోనే సైటును తెరవవచ్చు. ప్రకటనలు తీసేశామంటూ తిరిగే మార్పిడి యాప్‌లలో (అసలు యాప్‌ను ఇతరులు మార్చిన నకళ్లలో) మాత్రం మీ పాస్‌వర్డ్ పెట్టకండి. బ్రౌజర్ కన్సోల్‌లో (డెవలపర్లు కోడ్ నడిపించే చోట) ఫలానా కోడ్ అతికిస్తే చాలన్న సలహానూ నమ్మకండి, ఖాతాలను కాజేసే పాత ఎత్తుగడ అది.

ఇవన్నీ చేసినా ప్రకటన కదలకపోతే, ఎక్స్‌టెన్షన్‌లోనే ఉండే ఫిర్యాదు బటన్ ద్వారా జాబితా నిర్వాహకులకు తెలియజేయండి. బ్రౌజర్, ఎక్స్‌టెన్షన్ వెర్షన్లు, మీరు అదనంగా చేర్చుకున్న జాబితాలు రాయాలి. స్క్రీన్‌షాట్ జతచేస్తే, అందులో మీ పేరు, స్నేహితుల పేర్లు, ఫొటోలు కనబడకుండా ముందే చెరిపేయండి.