ఆ పాత్ర తల ఎవరు దువ్వారు? పాతకాలపు నవలల సినిమాలకు హెయిర్, మేకప్

పాతకాలపు నవల ఒకటి సినిమా తీస్తున్నారు, హెయిర్, మేకప్ పని మీకు అప్పగించారు అనుకుందాం. చాలామంది వెంటనే ఆ కాలం ఫొటోలు వెతికి దాచుకోవడం మొదలుపెడతారు. అది తర్వాత. స్క్రిప్ట్ కన్నా ముందు నవల చదవండి, పెన్సిల్ చేత్తో పట్టుకుని చదవండి. జుట్టు రంగు, మచ్చలు, పళ్లు, చేతులు, చెమట, జ్వరం, వాన, ఏది కనబడినా గీత పెట్టుకోండి. నాయిక అందగత్తె కాదని రచయిత రాస్తే ఆ ఒక్క మాట మీద సగం కథ నడుస్తూ ఉండొచ్చు, హీరోయిన్ బాగా కనబడాలని మీరు దాన్ని చెరిపేస్తే ఆమెను ఎవరు ఎందుకు చిన్నచూపు చూశారో ప్రేక్షకుడికి అంతుపట్టదు.

తర్వాత ప్రతి పాత్రకీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ రోజు పొద్దున ఈ మనిషి తల ఎవరు దువ్వారు? దేంతో, ఏ వెలుతురులో, తలస్నానం చేసి ఎన్నాళ్లయింది? నా అనుభవంలో డిజైన్ మొత్తం ఇక్కడి నుంచే పుడుతుంది.

19వ శతాబ్దపు ఇంగ్లండ్ నవలే తీసుకోండి. ఇంటి యజమానురాలికి దాసి ఉంటుంది కాబట్టి తల వెనక ఎంత చిక్కైన అల్లిక ఉన్నా నమ్ముతాం. ఆ దాసి మాత్రం తెల్లారకముందే చీకట్లో లేచి తన జుట్టు తనే చుట్టుకోవాలి, చేతులు ఎక్కడికి సులువుగా అందుతాయో అక్కడే ముడి పడుతుంది, పాపిడి కాస్త వంకరపోతుంది. చిన్నపిల్లలు జుట్టు వదులుగా వేసుకునేవారు, 16 నుంచి 18 ఏళ్ల మధ్య పైకి ముడవడం మొదలయ్యేది, అంటే ఆ ముడి పెద్దదాన్నయ్యానని చెప్పడమే. కథలో ఆ మలుపు ఉంటే అంతకుముందు ఒక్క సీన్‌లోనూ ఆ అమ్మాయికి కొప్పు పెట్టకండి. మగవాళ్లకూ అంతే, రోజూ ఎవరో గీసే గడ్డానికీ వారానికోసారి తనే గీసుకునే గడ్డానికీ చాలా తేడా.

నేను పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒకసారి ఇది మర్చిపోయాను. యజమానురాలికీ పనమ్మాయికీ ఒకే రకం రింగులు తిప్పాను, రెండూ ముచ్చటగా వచ్చాయి, తీరా తెర మీద చూస్తే ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా ఉన్నారు. మళ్లీ తీసే వీలు లేదు. ఆ సీన్ తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంకో విషయం, అందరికీ ఒకే ఏడాది ఫ్యాషన్ అంటగట్టకండి. 1795లో బ్రిటన్ తలకు రాసుకునే పౌడర్ మీద ఏడాదికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను వేసింది, దాంతో అప్పటికే తగ్గుతున్న ఆ అలవాటు ఇంకా పడిపోయింది. కానీ ముసలి పెద్దమనిషి ఒక్క రోజులో మారడు కదా! 1800 నాటి విందు సీన్‌లో తాతగారికి పౌడర్ తల, మనవడికి పొట్టి క్రాపు పెడితే రెండు తరాల మధ్య దూరం డైలాగ్ లేకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఫొటోలు చూడొచ్చు, కాకపోతే జాగ్రత్తగా చూడండి. 1839కి ముందు కథ అయితే ఫొటోలే ఉండవు, చిత్రకారులు గీసిన బొమ్మలే దిక్కు, డబ్బు తీసుకున్న చిత్రకారుడు ముఖాన్ని కాస్త మెరుగుపెట్టే గీస్తాడు. ఆ తర్వాతి ఫొటోల్లోనూ మోసం ఉంది: ఫొటో పడే ఆనాటి ప్లేట్లు నీలం కాంతినే ఎక్కువగా పట్టుకునేవి, ఎరుపు పసుపు ఛాయలు నల్లగా పడేవి, కాబట్టి ఎర్రటి జుట్టు నల్లగా, చిన్న మచ్చలు పెద్దగా కనబడతాయి. చూసింది చూసినట్టు కాపీ కొట్టకండి.

మేకప్‌లో ఇది ఇప్పటి ముఖమని పట్టించేది మొట్టమొదట కనుబొమ్మలు. షూటింగ్‌కి రెండు నెలల ముందే నటులకి ఫోన్ చేసి కనుబొమ్మలు ముట్టుకోవద్దని చెప్పండి, జెల్ నెయిల్స్, పళ్లు తెల్లగా చేయించుకోవడం కూడా వద్దనండి. విక్టోరియన్ కాలంలో, అంటే విక్టోరియా రాణి ఏలిన 1837-1901 మధ్య, మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్లు రంగు పూసుకున్నట్టు కనబడటం తప్పుగా ఉండేది, కాబట్టి ఫౌండేషన్ పల్చగా, అవసరమైన చోట మాత్రమే. పెదాలకి రంగు వేలితో అద్ది టిష్యూతో తీసేయండి, మిగిలిన మరక చాలు. మస్కారా వద్దు. పొలంలో పనిచేసే మనిషికి ముఖమంతా ఒకే ఛాయ వేయకండి, టోపీ కింద నుదురు తెల్లగానే ఉండిపోతుంది. మశూచికి ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లిష్ డాక్టర్ టీకా 1796లో వచ్చింది, దానికి ముందు కథల్లో మశూచి మచ్చల ముఖాలు గుంపులో కొన్నయినా ఉండాలి.

విగ్‌ల దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. ముందు అంచున వెంట్రుకలు ఒక్కొక్కటిగా సన్నటి వలకి ముడివేసిన లేస్ విగ్ కావాలి, ఆ అంచు పల్చగా ఉండాలి, ఒత్తుగా ఉంటే టోపీ పెట్టినట్టే. రెండు మూడు ఛాయలు కలపండి, నిజమైన తల ఎప్పుడూ ఒకే రంగులో ఉండదు. విగ్ అంటించే గమ్ వాడేముందు రోజే నటి చర్మం మీద కొంచెం రాసి దురద, ఎరుపు వస్తాయేమో చూడండి. 1900ల తొలినాళ్ల ఎత్తయిన కొప్పులకైతే లోపల దిండు పెట్టాలి. అప్పటి ఆడవాళ్లు దువ్వెనకి వచ్చిన జుట్టు దాచుకుని ఆ దిండ్లు తయారుచేసుకునేవారు, మన సవరం లాంటిదే.

లుక్ టెస్ట్ అసలు కెమెరాతో, అసలు దుస్తులతో, ఆ సీన్ లైటింగ్‌లోనే చేయండి. కొవ్వొత్తి వెలుతురులో బుగ్గల ఎరుపు మాయమవుతుంది, పగటి వెలుతురులో లేస్ అంచు బయటపడుతుంది. కథలో రోజులు లెక్కేసి, ఏ రోజు తల ఎలా ఉందో ముందు, వెనక, రెండు పక్కలా ఫొటో తీసి సీన్ నంబర్ రాసిపెట్టుకోండి, ఎందుకంటే జ్వరం మూడో రోజు సీన్ మొదటి రోజు కన్నా ముందే తీస్తారు. చివరగా షాట్‌కి ముందు నటిని టోపీ పెట్టుకుని పది నిమిషాలు నడవమనండి. తీశాక జుట్టు మీద పడ్డ నొక్కు కథకి సరిపోతే దాన్ని దువ్వేయకండి.