ఉద్యోగి వ్యక్తిగత అభిప్రాయం వివాదమైనప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ఒక ఉద్యోగి సొంత ఖాతాలో రాసిన మాటో, పని వేళల తర్వాత ఏదో సభలో అన్న మాటో పదిమంది నోళ్లలో పడి, "ఇలాంటి మనిషిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారు?" అనే ప్రశ్న యాజమాన్యం ముందుకు వచ్చినప్పుడు, తేల్చవలసిన వారికి ఒత్తిడి ఎక్కువగా, వ్యవధి తక్కువగా ఉంటాయి. ఆ స్థానంలో ఉన్న మేనేజర్ల కోసం, హెచ్‌ఆర్ అధికారుల కోసం, విచారణ కమిటీ సభ్యుల కోసం ఇది రాస్తున్నాను. నా వైఖరి ముందే చెబుతాను. అభిప్రాయం ఎంత రోత పుట్టించేదైనా సరే, అది ఆ వ్యక్తి చేసే పనిలోకి చొరబడిందని, లేదా చొరబడే ప్రమాదం స్పష్టంగా ఉందని చూపగలిగితే తప్ప, మనిషి కడుపు మీద కొట్టే అధికారం యజమానికి ఉండకూడదు.

గొడవ మొదలైన రోజున తొలగింపు గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. విషయం దృష్టికి వచ్చిందని, పరిశీలిస్తున్నామని చెప్పే రెండు వాక్యాల ప్రకటన ఆ రోజుకు చాలు. ఉద్యోగికి బెదిరింపులు వస్తుంటే జీతంతో కూడిన సెలవు ఇవ్వండి, అయితే అది శిక్ష కాదని ఆ సెలవు ఉత్తర్వులోనే రాయండి.

తర్వాత, అసలు అన్నదేమిటో సంపాదించండి. చేతులు మారి వచ్చిన స్క్రీన్‌షాట్ సాక్ష్యం కాదు, సాక్ష్యానికి దారి మాత్రమే. దానిపై తేదీ ఉందా, పై వాక్యం కత్తిరించి ఉందా, ఆ మాట ఎవరికి జవాబుగా వచ్చింది, తాను రాసిందా లేక ఇంకొకరిది పంచుకున్నదా, ఖాతా నిజంగా తనదేనా అన్నవి ఒక్కొక్కటిగా చూసి నమోదు చేయండి. ఏడెనిమిదేళ్ల కిందటి మాటను నిన్నటిదిగా తిప్పుతున్న సందర్భాలు తక్కువేమీ కాదు. అన్నట్టు, ఈ పనిని ఆ ఉద్యోగితో పాత పేచీలు ఉన్నవారికి అప్పగించవద్దు.

మాట దొరికాక, అది అభిప్రాయమా, మరొకటా అని విడదీయాలి. ఫలానా వారిని కొట్టండని పిలుపునివ్వడం, సహోద్యోగిని పేరు పెట్టి వేధించడం, సంస్థ రహస్యాన్ని బయటపెట్టడం, సంస్థ తరఫున మాట్లాడుతున్నట్లు నటించడం అభిప్రాయాలు కావు, ప్రవర్తనలు. వాటికి మీ క్రమశిక్షణ నియమాలు ఉండనే ఉంటాయి. వాటినే వర్తింపజేయండి.

మిగిలింది అభిప్రాయమే అయితే, అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది: ఈ ఉద్యోగం ఆ వ్యక్తి చేతికి ఎవరి మీద ఎలాంటి అధికారం ఇస్తోంది? 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై కాల్పుల వార్త విన్న ఒక ఉద్యోగిని, మళ్లీ ఎవరైనా ప్రయత్నిస్తే ఈసారి గురి తప్పకూడదన్న అర్థంలో పక్కనున్న సహోద్యోగితో అన్నారు. ఆమె పనిచేసేది టెక్సాస్‌లోని ఒక కాన్‌స్టేబుల్ కార్యాలయంలోనే అయినా, చేసేది గుమస్తా పని. ఆమెను తొలగించారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని చెప్పింది. ఆమెకు శాంతిభద్రతల బాధ్యతలు లేవని, ఏకాంతంగా అన్న ఆ మాట వల్ల కార్యాలయం పని కుంటుపడలేదని న్యాయమూర్తులు గమనించారు. తీర్పు 5-4 తేడాతో వెలువడిందంటే విషయం ఎంత సున్నితమో అర్థమవుతుంది. జర్మనీలో కమ్యూనిస్టు పార్టీలో చురుగ్గా పనిచేసినందుకు తొలగింపునకు గురైన ఒక ఉపాధ్యాయిని విషయంలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1995లో ఇదే దారిలో నడిచింది. ఆమె తరగతి గదిలో తన రాజకీయాలను విద్యార్థులపై రుద్దినట్లు ఆధారం లేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం.

ఒక వర్గం పిల్లలకు చదువు అబ్బదని బహిరంగంగా రాసిన వ్యక్తి జమాఖర్చుల లెక్కలు రాసే గుమాస్తా అయితే, ఆ మాట మనసును ఎంత గాయపరిచినా, ఉద్యోగానికి దానితో సంబంధం లేదు. అదే వ్యక్తి జవాబు పత్రాలు దిద్దే పరీక్షకుడైతే, ఆ పిల్లల భవిష్యత్తు ఆయన ఎర్ర సిరా కింద ఉంది. అప్పుడు కూడా నేరుగా వేటు వేయకుండా, ఆయన దిద్దిన పత్రాల్లో కొన్నింటిని పేర్లు మూసి మరొకరి చేత దిద్దించి మార్కులు పోల్చండి. తేడా ఒకే వైపు కనిపిస్తే అది పనిలో చేసిన అన్యాయం, తొలగింపునకు తగిన కారణం. తేడా కనిపించకపోయినా, పేర్లు కనిపించని పద్ధతిలోకి మూల్యాంకనాన్ని మార్చడం మంచిది.

సంస్థ ప్రతిష్ఠ అనే వాదనను మాత్రం గట్టిగా నిలదీయండి. 1947లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు తమ కమ్యూనిస్టు సంబంధాల గురించి జవాబులు చెప్పడానికి నిరాకరించిన పదిమంది సినిమా వారిని పనిలోకి తీసుకోబోమని హాలీవుడ్ స్టూడియోల అధిపతులు ప్రకటించినప్పుడు చూపిన కారణాల్లో, వారి తీరు యజమానులకు నష్టం కలిగించిందన్నది ఒకటి. అంటే ఈ వాదన చాటున అభిప్రాయాన్నే శిక్షించవచ్చు. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయన్న దానికన్నా, ఎవరి నుంచి వచ్చాయన్నది చూడండి. ఆ ఉద్యోగి సేవ అందుకునే వారు, పక్కన కూర్చుని పనిచేసేవారు చెప్పే ఇబ్బందికి విలువ ఇవ్వాలి. జట్టు మార్చడంతోనో షిఫ్టు మార్చడంతోనో తీరే ఇబ్బందికి తొలగింపు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. సరిగ్గా వ్యతిరేకమైన అభిప్రాయాన్ని, అంతే పరుషంగా, మరో ఉద్యోగి చెప్పి ఉంటే ఏం చేసేవారో కాగితం మీద రాసుకోండి. రెండు జవాబులూ ఒకటి కాకపోతే మీరు శిక్షిస్తున్నది ప్రవర్తనను కాదు, పక్షాన్ని.

ఉద్యోగి సంజాయిషీ వినకుండా ఏదీ ఖరారు చేయవద్దు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక, రాజకీయ అభిప్రాయం తొలగింపునకు చెల్లుబాటయ్యే కారణం కాదని, ప్రవర్తనపై ఆరోపణలతో తొలగించే ముందు సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చెబుతోంది. దాన్ని ఆమోదించని దేశాలు చాలా ఉన్నాయి కాబట్టి మీకు వర్తించే చట్టాన్ని న్యాయవాదితో సరిచూసుకోండి. విచారణలో "ఇప్పటికీ అలాగే నమ్ముతున్నారా?" అని అడగకండి, మనిషి నమ్మకానికి మీరు న్యాయమూర్తులు కారు. బలవంతపు క్షమాపణనూ కోరకండి. మీ మాట వల్ల నొచ్చుకున్న వారితో పనిలో సమానంగా మెలగుతారా, మెలగుతున్నారని మేము ఎలా సరిచూడాలి అని అడగండి.

చివరికి ఉత్తర్వు రాసేటప్పుడు, పనిలో జరిగిన ఏ చర్య లేదా ఏ స్పష్టమైన ప్రమాదం కారణమో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఫైలు పక్కన పెట్టి మందలింపుతోనో, బాధ్యతల మార్పుతోనో, లేదా ఏ చర్యా లేకుండానో ముగించండి. తొలగించవలసి వస్తే బకాయిలు పూర్తిగా చెల్లించండి, అప్పీలుకు గడువు ఇవ్వండి, పేరును బహిరంగ ప్రకటనలో పెట్టకండి. కొనసాగిస్తే, ఫిర్యాదు చేసిన వారిని పిలిచి ఏమేమి పరిశీలించారో, ఇకపై ఏం గమనిస్తారో, మళ్లీ ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో వివరించండి.