ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో అక్కర్లేని ఫంక్షన్లు తీసేశాను

మా లైనక్స్ ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్‌లో గెట్‌ఆట్ర్ (ఫైల్ సైజు, అనుమతుల్లాంటి వివరాలు ఇచ్చే పని) కోసం ఒక ఫంక్షన్ ఉండేది, అది చేసేదల్లా కెర్నల్‌లో (లైనక్స్ ప్రధాన భాగంలో) ముందే ఉన్న జెనరిక్_ఫిల్‌ఆట్ర్‌ని పిలవడమే. అసలు ఫంక్షన్ల టేబుల్‌లో గెట్‌ఆట్ర్ పాయింటర్ (ఏ ఫంక్షన్‌ని పిలవాలో చెప్పే గడి) ఖాళీగా వదిలేస్తే వీఎఫ్‌ఎస్ (అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉండే కెర్నల్ పొర) తనంతట తానే దాన్ని పిలుస్తుంది కదా, అందుకే ఫంక్షన్ మొత్తం తీసేశాను, ఫైల్ వివరాలు చూపే స్టాట్ కమాండ్ ఫలితం ఏమీ మారలేదు.

ఎల్‌ఎల్‌సీక్ (ఫైల్‌లో చదివే చోటు మార్చే పని, అంటే సీక్) దగ్గర మాత్రం జాగ్రత్త! దాన్ని ఖాళీగా వదిలితే ఆ ఫైల్‌లో సీక్ కుదరదని కెర్నల్ అనుకుని ఈఎస్‌పైప్ (సీక్ చెల్లదు అనే) ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి అక్కడ ఇంకో ఫంక్షన్‌ని పిలవడం తప్ప ఏమీ చేయని మా ఫంక్షన్ (రాపర్) తీసేసి, టేబుల్‌లో నేరుగా కెర్నల్‌లోని జెనరిక్_ఫైల్_ఎల్‌ఎల్‌సీక్ పేరే పెట్టాను.

సెట్‌ఆట్ర్‌ని (ఫైల్ వివరాలు మార్చే పనిని) ముట్టుకోలేదు. ఖాళీగా ఉంటే కెర్నల్‌లోని సింపుల్_సెట్‌ఆట్ర్ నడుస్తుంది, కానీ ఫైల్ సైజు తగ్గించినప్పుడు డిస్క్‌లో బ్లాకులు విడిపించే పని మాదే, అది దానికి తెలియదు. ఇలాంటి మార్పులు ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో కమిట్‌గా (విడిగా నమోదు చేసిన మార్పుగా) పెట్టండి, ఏదైనా తేడా వస్తే ఏ కమిట్ వల్లో వెతికే గిట్ బైసెక్ట్‌తో వెంటనే దొరుకుతుంది.