ఇంటి జబ్బుల పటం – మూడో పాఠం: ఒకే అవ్వ, రెండు దారులు

ఇంట్లో తరతరాలుగా ఎవరికి ఏ మానసిక జబ్బు వచ్చిందో చూపే పటం ఇది. అందులో మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు పడినవారికి లోపల నలుపు, చనిపోయినవారికి అడ్డగీత. ఈ గుర్తులు గత పాఠంలో వచ్చేశాయి. ఈసారి నింపిన పటాన్ని చదవడం నేర్చుకుందాం. అయితే నలుపు పూయడంలో తొందర పనికిరాదు కనుక ముందు ఆ సంగతి చూద్దాం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్దవాళ్లను "మన ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండేదా?" అని సూటిగా అడిగితే, "అబ్బే, మన వంశంలో అలాంటివి లేవు" అనే జవాబే వస్తుంది. ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే ఇక చెప్పనక్కరలేదు. కాబట్టి జబ్బు పేరు ఎత్తకండి, జరిగింది అడగండి. చిన్నతాత రాత్రుళ్లు నిద్రపోకుండా తిరిగేవాడా? ఎన్ని వారాలు? ఉన్నట్టుండి పొలం బేరం పెట్టి, కనబడినవారికల్లా డబ్బు పంచాడా? ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేదా? ఈ రెండు దశలూ మారిమారి వచ్చి ఉంటే బైపోలార్ అనే మానసిక జబ్బును అనుమానించవచ్చు.

"వేలూరుకు తీసుకెళ్లాం" అనే మాట వినబడితే అక్కడ ఆగండి. మన వైపు వాళ్లు గుండెకూ మూత్రపిండాలకూ కూడా వేలూరుకే వెళతారు. ఏ విభాగంలో చూపించారు, ఏ మాత్రలు ఇచ్చారు అని అడగాలి. బాగాయం అన్నారంటే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నది అక్కడే. ట్రంకుపెట్టెలో దొరికిన పాత మందుల చీటీలో బైపోలార్‌కు వాడే లిథియం కనబడిందా, పదిమంది జ్ఞాపకాల కన్నా అది గట్టి ఆధారం.

గంగమ్మ జాతరలో పూనకం వచ్చే మేనత్తను మాత్రం నల్లగా నింపకండి. ఊరంతా ఒప్పుకున్న ఆచారంలో, ఆ వేళకు వచ్చి ఆ వేళకే పోయి, మిగతా ఏడాదంతా ఆమె పనులు సవ్యంగా సాగుతుంటే దాన్ని జబ్బు అనరు. తేలని చోట ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి.

ఇక నమూనా పటం. చంద్రగిరి దగ్గర ఒక కల్పిత కుటుంబం. ఎవరి కోసం పటం గీస్తామో వారికి పెట్టే బాణం గుర్తు ఉన్నది 26 ఏళ్ల అమ్మాయికి. ఆమె అవ్వకు, అంటే అమ్మ తల్లికి, బైపోలార్ ఉండేది. అమ్మ తన సొంత మేనమామనే పెళ్లి చేసుకుంది, అందుకే వారిద్దరి మధ్య రక్తసంబంధంలో పెళ్లికి గుర్తయిన జంట గీత గీశాం.

పైపైన చూస్తే అవ్వ రెండు తరాల అవతల ఉంది. మనవరాలికి అవ్వ జన్యువుల్లో సగటున నాలుగో వంతు చేరుతుంది. మరి నాన్న ఎవరు? అవ్వకు తమ్ముడు. అంటే అదే అవ్వ ఈ అమ్మాయికి మేనత్త కూడా. మేనత్తతో పంచుకునేది మరో నాలుగో వంతు. రెండు దారులూ కలిపితే సగం, కన్నతల్లితో పంచుకునేంత! ఇతర దేశాల పాఠ్యపుస్తకాల్లోని పటాలతో సాధన చేసినవారికి ఈ రెండో దారి తట్టదు. జంట గీత కనబడిన ప్రతిసారీ వేలు పెట్టి రెండు వైపుల నుంచీ పైకి వెళ్లి చూడండి.

బైపోలార్ జీవితకాలంలో సుమారు 100 మందిలో ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే 100లో 5 నుంచి 10 మందికి. మన అమ్మాయిని ఈ రెండో గుంపుకు దగ్గరగా ఊహించుకోవచ్చు, అంతకు మించి కచ్చితమైన అంకె వేయకూడదు. అమ్మానాన్నలిద్దరికీ జబ్బు లేకపోవడం ముప్పును కొంత తగ్గిస్తుంది. పైగా ఆ లెక్కలు చాలావరకు మేనరికాలు అరుదైన దేశాల్లో తీసినవి.

"పది రెట్లు" అంటే గుండె గుభేలుమంటుంది. "100లో 90 మందికి రాదు" అన్నా అదే లెక్క. రెట్లు వినబడిన ప్రతిచోటా వందలోకి మార్చుకోండి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు (డిప్రెషన్‌కు) లోనైనవారే, అంటే 100లో 5. దగ్గరి రక్తసంబంధికి ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు, అంటే 10 నుంచి 15.

కుంగుబాటులో వారసత్వం పాలు 37 శాతమనీ, లేని గొంతులు వినబడే, లేనిపోని అనుమానాలు ముదిరే స్కిజోఫ్రీనియాలో 80 శాతం దాకా ఉంటుందనీ కవలల అధ్యయనాలు చెబుతాయి. "నా దిగులులో 37 పాళ్లు అమ్మది" అని దీనికి అర్థం కాదు. ఇది జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలను గురించిన లెక్క, ఒక్క మనిషిని ముక్కలు చేసే లెక్క కాదు. ఒకే పోలికల కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వచ్చినా, దాదాపు సగం జంటల్లో రెండోవారికి రాదు.

కుంగుబాటుకు ఒక్క జన్యువు కారణమనే ఆశ కూడా చెదిరింది. సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని మోసే జన్యువు గురించి 2003లో పెద్ద హడావుడి జరిగింది. 2019లో లక్షల మంది వివరాలతో దానితోపాటు మొత్తం 18 పేరున్న జన్యువులను పరీక్షిస్తే, చీటీ తీసి ఎంచుకున్న జన్యువుల కన్నా అవేమీ మెరుగు కాదని తేలింది. 2025లో 29 దేశాలకు చెందిన 50 లక్షల మందికి పైగా వ్యక్తుల సమాచారం నుంచి దాదాపు 700 జన్యు తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం అణుమాత్రం. ఆ జనంలోనూ ఎక్కువమంది ఐరోపా మూలాలవారే. ఉమ్మి నమూనా పంపితే మీ మనసు జాతకం చెబుతామనే పరీక్షలకు డబ్బు పోయడం దండగ అని నా అభిప్రాయం. అవ్వ మందుల చీటీ వైద్యుడికి అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

పటం గీస్తుండగా మనసు కలత చెందితే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అభ్యాసం: అమ్మాయి తమ్ముడు తన మేనమామ కూతురిని, అంటే అవ్వ కొడుకు కూతురిని, చేసుకున్నాడు. ఆ మేనమామ భార్య బయటి సంబంధం. తమ్ముడికి పుట్టే బిడ్డ అవ్వతో పంచుకునే వాటా సగటున ఎంత? 8లో 3 రావాలి. 4లో 1 వచ్చిందంటే, తమ్ముడికి అవ్వ మేనత్త కూడా అన్నది మరిచిపోయారన్నమాట.