టైమింగ్ బెల్ట్ మార్పించే ముందు

ఇంజన్‌లో పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు సరైన సమయంలో తెరుచుకుని మూసుకునేలా చూసేది టైమింగ్ బెల్ట్ అనే పళ్ల రబ్బరు పట్టీ; కొన్ని కార్లలో దాని బదులు చైన్ ఉంటుంది. మీ కారుకు ఉన్నది బెల్టో చైనో ముందు మాన్యువల్‌లో చూడండి. బెల్టయితే కిలోమీటర్లు, ఏళ్లు రెండింట్లో ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. చాలా కార్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య చెబుతారు. తక్కువే తిరిగిందని ధీమా వద్దు. ఒంగోలు ఎండలో నిలబడ్డ బండికీ రబ్బరు వయసు పెరుగుతూనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారా? మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

బెల్టు మీది కవర్ తీయించి టార్చి వేసి చూడండి. పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, అంచున పీచు, ఆయిల్ తడి కనిపిస్తే కావలి ఊరి దాకా కూడా నడపకండి. హైవే మీద తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఆ ఖర్చు ముందు బెల్టు ఖర్చు ఏపాటిది!

బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ చక్రం కూడా మార్పించండి. వాటర్ పంపు అదే బెల్టుతో తిరిగేదైతే దాన్నీ వదలొద్దు.

పని మొదలుపెట్టేటప్పటికి ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. కొత్త బెల్టును మడవకూడదు, మెలి తిప్పకూడదు. బిగించాక క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసును) స్పానర్‌తో చేత్తోనే రెండు చుట్లు తిప్పించి, బెల్టు తిరిగే పళ్ల చక్రాల మీది టైమింగ్ మార్కులు మళ్లీ కలిశాయో లేదో మీ కళ్లతో చూశాకే స్టార్ట్ చేయమనండి.