చిన్న విమానంలో డెత్ వ్యాలీకి వెళ్ళి రావడం ఎలా

ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉండి, అద్దెకైనా ఒక సెస్నా 172 దొరికితే, వీకెండ్‌కి కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్క్‌ని మించిన ట్రిప్ నాకైతే కనపడదు. పార్క్ లోపలే ఫర్నేస్ క్రీక్ అని రన్‌వే ఉంది, దిగి విమానం కట్టేసి బ్యాగు భుజాన వేసుకుని నడుచుకుంటూ హోటల్‌కి వెళ్ళిపోవచ్చు. కాకపోతే ఆ రన్‌వే సముద్రమట్టానికి 210 అడుగులు కింద, చుట్టూ కొండలున్న గుంటలో ఉంటుంది, కాబట్టి ఎండా, కొండలూ, పెట్రోలూ, ఈ మూడూ ఇంటి దగ్గరే లెక్క తేల్చుకుని బయల్దేరాలి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా వెళ్ళొచ్చు, ఆ తర్వాత గాలులు మొదలవుతాయి, ఎండాకాలం అయితే అసలు వద్దు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది ఈ ఫర్నేస్ క్రీక్‌లోనే. సముద్రమట్టం కంటే కిందే కదా, గాలి చిక్కగా ఉంటుంది, ఇంజిన్‌కి పండగే అనుకుంటారు చాలామంది, కానీ 45 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి పలచబడ్డ గాలి ఎంత ఎత్తులోని గాలితో సమానమో ఆ అంకె) లెక్కేసి చూడండి, 3,300 అడుగులు దాటిపోతుంది. పైగా 172 మాన్యువల్‌లో టేకాఫ్ టేబుల్స్ 40 డిగ్రీలతో ఆగిపోతాయి, ఆపైన ఇంకెంత రన్‌వే తింటుందో చెప్పేవాళ్ళు లేరు, అక్కడున్నదే 3,000 అడుగుల చిల్లర.

నార్త్ లాస్ వేగస్ నుంచి అయితే 80 నాటికల్ మైళ్ళ పైచిలుకు. మ్యాప్‌లో సూటిగా గీత గీస్తే మాత్రం 11,900 అడుగులున్న చార్ల్‌స్టన్ పీక్ పక్కనుంచి పోతుంది, ఉత్తరం వైపు తిరుగుదామంటే అక్కడ మిలిటరీ రిస్ట్రిక్టెడ్ ఏరియాలు, కాబట్టి దక్షిణంగా కొండలు దాటి పారంప్ మీదుగా వెళ్ళడమే సుఖం, లాస్ వేగస్ క్లాస్ బీ (పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ అనుమతి లేకుండా దూరకూడని గగనతలం) మాత్రం చార్ట్‌లో చూసుకోండి. డెత్ వ్యాలీ జంక్షన్ దగ్గర 190 హైవే దొరుకుతుంది, అది పట్టుకుంటే లోయలోకి అదే దించుతుంది. పడమర నుంచి వచ్చేవాళ్ళకి ఫైటర్ జెట్లు తిరిగే ఏరియా తగులుతుంది, అక్కడి రాడార్ కంట్రోలర్లు, అంటే జాషువా అప్రోచ్‌తో, రేడియోలో మాట్లాడుతూ రండి. పార్క్ మీద నేలకి 2,000 అడుగుల పైన ఉండమని అడుగుతారు, దాన్ని గౌరవించండి. కింద ఉప్పు నేల రన్‌వే కంటే నున్నగా కనిపిస్తుంది గానీ, రన్‌వే కాని చోట సరదాకి దిగడం నేషనల్ పార్కుల్లో నేరం.

పెట్రోల్ సంగతి ఒక్కమాటలో: ఫర్నేస్ క్రీక్‌లో దొరుకుతుందని లెక్కపెట్టుకోవద్దు. రానూ పోనూ సరిపడా, పైన గంట రిజర్వ్‌తో వెళ్ళండి, అంత బరువు వద్దనుకుంటే నెవాడాలోని బీటీ లాంటి చోట ఆగి నింపుకోండి, ముందురోజు ఫోన్ చేసి పంపు పనిచేస్తోందా అని అడిగి మరీ. రన్‌వే పరిస్థితి కూడా అంతే, తారు పగుళ్ళు గురించీ, తెరిచి ఉందా లేదా అన్నదీ నోటమ్స్‌లో (పైలట్లకి ఇచ్చే తాజా నోటీసులు) బయల్దేరే రోజు పొద్దున కూడా ఒకసారి చూడండి.

ఇప్పుడు దిగడం. 8,500 అడుగుల్లో కొండలు దాటి నిమిషానికి 500 చొప్పున దిగితే కిందికి చేరడానికి 17 నిమిషాల పైనే పడుతుంది, అంటే 110 నాట్స్‌లో 30 మైళ్ళకి పైనే, అంత చోటు ఉండదు, సూటిగా దిగాలని ముక్కు కిందికి తొయ్యకుండా లోయ మధ్యలో చుట్లు కొట్టండి. పైన లీన్ చేసిన (గాలిలో పెట్రోల్ పాలు తగ్గించిన) మిక్స్చర్‌ని దిగుతూ దిగుతూ రిచ్ చేసుకుంటూ (ఆ పాలు పెంచుకుంటూ) రావాలి, ఇది మర్చిపోతే ఇంజిన్ గుర్తుచేస్తుంది. ఆల్టిమీటర్ సున్నా దాటి ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. సర్క్యూట్‌లో (దిగేముందు రన్‌వే పక్కన కొట్టే చుట్టు) 800 అడుగుల దగ్గర ఉన్నప్పుడు వందలు చూపే పొడుగు ముల్లు 8 మీద ఉంటుందా, చక్రాలు నేలకి తగిలాక కూడా అది ఆ 8 దగ్గరే ఉంటుంది, తేడా అంతా వేలు చూపే పొట్టి ముల్లులోనే, అది సున్నాకి కాస్త ఎడమకి జరిగి ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్ళు రన్‌వేని కళ్ళతో చూసుకుని దిగడమే మేలు. రాత్రి మాత్రం రావద్దు, నక్షత్రాల కోసం జనం వెతుక్కుంటూ వచ్చేంత చీకటి అది, కొండ ఎక్కడుందో కూడా తెలియదు.

తాళ్ళు మీవే తెచ్చుకోండి, గాలి లేకపోయినా కట్టెయ్యండి. అద్దాలకి సన్‌షేడ్ పెట్టకపోతే లోపల బెల్టు బకిల్ ముట్టుకుంటే కాలుతుంది, టాబ్లెట్ వేడెక్కి ఆగిపోతుంది, అందుకే పేపర్ చార్ట్ ఒకటి ఉంచుకోమనేది. మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్ళు లెక్కన విమానంలోనే పెట్టుకోండి, దారిలో ఎక్కడైనా దిగాల్సివస్తే సెల్ సిగ్నల్ ఉండదు, ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేయడం, శాటిలైట్ బీకన్ జేబులో పెట్టుకోవడం అందుకే. బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం లాంటి చోట్లకి నడిచి వెళ్ళలేరు, జీపు అద్దె ముందే మాట్లాడుకోండి.

తిరుగు ప్రయాణం తెల్లారగానే పెట్టుకోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ఎండలో నిలబెట్టాక వేడి మీద స్టార్ట్ చేయడం ఒక పెద్ద తంటా, పొద్దున్నే ఆ గొడవ ఉండదు. లేచాక వెంటనే కొండ వైపు తిరగొద్దు, లోయలోనే చుట్లు కొడుతూ ఎత్తు సంపాదించి, శిఖరాల కంటే కనీసం 2,000 అడుగులు పైకి వచ్చాకే తూర్పుకి తిరగండి, అదీ ఏటవాలుగా, గాలి కిందికి తోస్తే వెనక్కి తిరిగే వీలుండేలా.